అయిదు స్టాపుల సినిమా

ఎవరైనా ఊరికే మంచిగా ఉంటే నాకు నిద్ర పట్టదు. గల్ఫ్‌లో పనిచేసే రోజుల్లో, నజ్మా అనే పేటలో నా గదిలోనే ఉండే నిజామాబాద్ భాయ్ ఒక శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వస్తూ నాకూ ఒక బిర్యానీ పొట్లం తెచ్చాడు. "ఇయ్యాల నీతోటి ఒక సినిమా జూడాలె" అన్నాడు. వీడికి నాతో ఏం పని పడిందా అనుకున్నాను.

అనుమానానికి కారణం ఉంది. మేమిద్దరం ఒకే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళం. లుసైల్‌లో కట్టబోయే భవనాలకు అక్కడ ముందుగా బల్ల మీద పట్టేంత నమూనాలు చేస్తారు. అతను వాటిని చేసే పనివాడు, నేను స్టోర్‌కీపర్ని. ఆ వారం అగ్గిపుల్లంత చెట్లున్న ప్యాకెట్లు రెండు కనబడకుండా పోయాయి. శనివారంలోగా ఏమయ్యాయో చెప్పకపోతే నన్ను ఇంటికి పంపించేస్తానన్నాడు సూపర్‌వైజర్. భాయ్ మంచం కింద చూస్తే తాడు కట్టిన అట్టపెట్టె ఒకటి కొత్తగా చేరింది. గదిలో ఎవరూ లేనప్పుడల్లా వంగి దాన్ని చూసేవాణ్ణి. ముడి విప్పే ధైర్యం మాత్రం చాల్లేదు.

ల్యాప్‌టాప్‌లో సినిమా మొదలైంది. అంతా బొమ్మలతో తీసింది. ఒక ట్రాము, అయిదు స్టాపులు, స్టాపుకో కథ. మొదటి కథలో కండక్టర్ ఒక బాతుకి టికెట్ కొడతాడు. రెండో కథలో వానే పడని ఊళ్ళో ఒకావిడ గొడుగులు అమ్ముతుంది, అందరూ కొంటారు. ఏ కిటికీలోకి చూసినా ఎవరో ఒకరు తమ పనిలో తాము ఉన్నారు. ఒకడు గోళ్ళు తీసుకుంటున్నాడు, ఒక ముసలామె పిల్లికి బొట్టు పెడుతోంది. భాయ్ మాటిమాటికీ ఆపేవాడు.

"గా మూడో కిటికీల జూడు. కథకు దానితోటి పనే లేదు. అయినా ఎవడో కూసొని గంత ముద్దుగ జేసిండు."

నాకూ నచ్చింది, ఒప్పుకుంటాను. బాతు దిగుతుంటే కండక్టర్ టోపీ తీసి దణ్ణం పెట్టాడు, నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే భాయ్ ముఖం కనిపెట్టి చూశాను. నాలుగో కథలో బొమ్మ చెట్ల అడవి వచ్చింది. దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. ఇంక నాకు సందేహం లేకపోయింది. అయిదో స్టాపులో ఏం జరిగిందో నాకు తెలియదు.

మర్నాడు సూపర్‌వైజర్‌కి చెప్పేశాను. డ్యూటీ అయ్యాక ఆయన మాతోపాటే గదికి వచ్చి పెట్టె బయటికి తీయమన్నాడు. భాయ్ నా వంక ఒకసారి చూసి, ముడి తనే విప్పాడు.

లోపల చెట్లు లేవు. మా గది ఉంది. పారేసిన అట్టముక్కలతో చేసిన నాలుగు మంచాలు, తీగ మీద ఆరేసిన లుంగీలు, గోరంత కుక్కర్. పై మంచం మీద ఒకడు ఫోన్లో మాట్లాడుతున్నాడు. కింద, చారల బనీనుతో, తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకున్న ఒక మనిషి నడుం వంచి పక్క మంచం కిందికి తొంగి చూస్తున్నాడు. బనీను నాది. చెప్పూ నాదే.

సూపర్‌వైజర్ పగలబడి నవ్వాడు.

"అడిగితే నేనే జూపెట్టేటోణ్ణి గదా," అన్నాడు భాయ్. "అయినంక నీకే ఇద్దామనుకున్న."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ప్యాకెట్లు ఆదివారం నా స్టోర్‌లోనే, నేను సర్దిన కాగితపు చుట్టల వెనక దొరికాయి. క్షమించమని రెండుసార్లు అడిగాను. "మాఫీ ముష్కిల్, ఏం గాదు" అని అక్కడి అరబ్బీ మాట కలిపి అన్నాడు రెండుసార్లూ. తర్వాత అతను ఏ సినిమాకూ నన్ను పిలవలేదు. అన్నాళ్ళూ కళ్ళల్లో వత్తులు వేసుకుని అతణ్ణి కనిపెట్టుకుని ఉన్నాను. అతని చెప్పులెలా ఉండేవో చెప్పమంటే ఇప్పుడు చెప్పలేను.

నెల తిరక్కుండానే మెసయీద్‌లో వేరే పని చూసుకుని వెళ్ళిపోయాడు. పెట్టె తీసుకెళ్ళాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి, వంగి చూస్తున్న ఆ మనిషి ఒక్కడే నా దిండు మీద ఉన్నాడు.