మా మామ మార్చుకున్న పాట

మొన్న ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో ఏదో పాటల కార్యక్రమం ఉందంటే మా బావమరిది పట్టుబట్టి నన్నూ మా ఆవిడనూ వెంటబెట్టుకు వెళ్లాడు. గిటార్లూ డప్పులూ పట్టుకున్న నలుగురు కుర్రాళ్లు, వాళ్ల ముందు నిలబడి పాడే ఒక అమ్మాయి, పాతకాలపు సముద్రం పాటల్ని వెతికి తెచ్చి కొత్తగా పాడుతున్నారు. వాటిలో ఒకటి మా బావమరిది నేర్పినదే. తరతరాలుగా మన జాలర్లు దేవుణ్ణి తలుచుకుంటూ వల లాగిన పాట ఇది అని చెప్పి ఆ అమ్మాయి కళ్లు మూసుకుని అందుకుంది.

“బరువు నీదే గోవిందా, ఐలెస్సా! భుజము మాదే గోవిందా, ఐలెస్సా!”

జనం ఫోన్లు పైకెత్తారు. మా ముందు వరసలో ఒక పెద్దావిడ చేతులు జోడించింది. నేను మాత్రం తలెత్తలేక నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. ఆ పాట తరతరాలది కాదని ఆ జనంలో మా ఇద్దరికే తెలుసు. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం మా మామ అవమానం దిగమింగుకుంటూ అప్పటికప్పుడు కట్టుకున్న పాట అది.

మా మామ అంటే మా ఆవిడ తండ్రి. ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు పాట చెప్పేది ఆయనే. ఆయన ఒక చరణం విసిరితే తాడు పట్టుకున్న వాళ్లందరూ ఐలెస్సా అంటూ ఒక్క ఊపున లాగేవారు. ఆ పాటల్లో దేవుడు కనబడేవాడు కాదు. గంపతో ఎదురుచూసే ఆడవాళ్లు, బేరానికొచ్చిన షావుకారు, ఆలస్యంగా వచ్చిన సోమరి, కొత్తగా పెళ్లయిన జంట, ఎవరు కంటబడితే వాళ్లే పాట. మొదటి చరణం సరసంగా ఉండేది, రెండోది కాస్త మోటుగా, మూడోది వచ్చేసరికి ఆడవాళ్లు చెంగు నోట్లో కుక్కుకునేవారు. ఎవరికీ కోపం వచ్చేది కాదు. పాటలోకి ఎక్కకపోతేనే చిన్నబోయేవారు.

తర్వాత్తర్వాత పడవ దెబ్బతిని, వేట గిట్టుబాటు కాక, మా మామ కళాసీ పనిలో చేరాడు. మొదట పోర్టులోనూ, ఆపైన ఉక్కు కర్మాగారం పనుల్లోనూ బరువులు లాగే ముఠాకు ఆయనే మేస్త్రీ. క్రేన్లు వెళ్లలేని చోట్లకు దుంగల మీద దొర్లిస్తూ మోకులు కట్టి మనుషులే లాగేవారు. వలపాట అక్కడికీ వచ్చింది. నేను మా ఇంట్లో సముద్రం వదిలి చదువుకున్న మొదటివాణ్ణి. పాలిటెక్నిక్ పూర్తిచేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ ముఠాను పనికి పెట్టుకున్న గుత్తేదారు దగ్గరే సూపర్‌వైజరుగా చేరాను. పెళ్లయిన కొత్త. ఇంక చెప్పాలా? నేను ఆ పక్కగా వెళ్తే చాలు, మా మామ గొంతు లేచేది.

“కొత్తల్లుడు వొచ్చినాడు, ఐలెస్సా! కోడికూర మెక్కినాడు, ఐలెస్సా! పీట మీంచి లెగనేడు, ఐలెస్సా!”

ఆ తర్వాతి చరణం ఈ వయసులో కూడా కాగితం మీద పెట్టలేను. టీ కొట్టు దగ్గర తోటి ఉద్యోగులు దాన్నే ఈలవేస్తుంటే నా చెవులు వేడెక్కేవి. మీ నాన్నకు చెప్పమని మా ఆవిణ్ణి బతిమాలితే, ఆవిడ కడుపు పట్టుకుని నవ్వి, ఆ చరణం ఇంకోసారి వినిపించమనేది.

ఒకనాడు పెద్ద ఉక్కు డ్రమ్ము ఒకదాన్ని పునాది దగ్గరికి చేర్చే పని పడింది. గుత్తేదారు తరఫున కొత్తగా వచ్చిన ఇంజినీరు ఆ వేడుక చూపించడానికి భార్యనూ వదినగారినీ తీసుకొచ్చి గొడుగుల కింద నిలబెట్టాడు. మా మామకు గొడుగులు కనబడ్డాయి, ఇంకేం కావాలి! గొడుగు కింద చందమామ అంటూ మొదలుపెట్టాడు. ముఠా హుషారెక్కింది, డ్రమ్ము బండిలా కదిలింది, రెండో చరణానికి ఇంజినీరు గారి భార్య చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం నేను కళ్లారా చూశాను. మూడో చరణం సగంలో ఉండగా ఇంజినీరు అరిచాడు.

“ఆపండి! ఏం కూతలవి? ఆడవాళ్లున్నారన్న జ్ఞానం లేదూ? ఎవడు నీకు మేస్త్రీ పని ఇచ్చింది?”

మోకులు సడలిపోయాయి. మా మామ తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఆయన అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

“తప్పయిపోనాది బాబూ. పనిలో నోటికొచ్చింది అనీసినాను.”

చెవులు పట్టుకోమన్నాడు ఇంజినీరు. తన కొడుకుల వయసున్న ముఠా అంతా చూస్తుండగా మా మామ చెవులు పట్టుకున్నాడు. ఆ కాస్తసేపూ ఆయన ఎటు చూడాలో తెలియక నా వైపు చూశాడు. నాకు ఒళ్లంతా సిగ్గు కమ్మేసింది. ఆయనకు జరిగినదానికి సిగ్గు, ఆయన నా మామ అని నలుగురికీ తెలిసినందుకు సిగ్గు. వాటి అడుగున ఎక్కడో, ఇకమీదట నా పాట కూడా ఆగిపోతుందిలే అన్న చిన్న ఊరట. ఆ ఊరటను తలచుకుంటే ఇవాళ్టికీ నాకు మింగుడుపడదు.

మళ్లీ మోకులు పట్టారు. పాట లేదు. ఒకడు లాగితే ఒకడు వదిలాడు, దుంగలు పక్కకు తిరిగాయి, డ్రమ్ము మొండికేసింది. కాసేపటికి మా మామ గొంతు సవరించుకుని, ఎవరి వైపూ చూడకుండా, బరువు నీదే గోవిందా అన్నాడు. ముఠా కొంచెం తడబడి అందుకుంది. డ్రమ్ము మెల్లగా కదిలింది. ఇంజినీరు తృప్తిగా తలాడించాడు. గొడుగు కింద నవ్విన ఆవిడ ఇప్పుడు నేల చూపులు చూస్తోంది.

ఆ వారంలోనే మా మామ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఏదో ఓదార్పు చెప్పాలని నేను ఆ గోవిందా పాట చాలా బాగుందన్నాను. ఆయన ముద్ద కలుపుతూనే జవాబిచ్చాడు.

“గోవిందా అంటే ఎవులికీ కోపం రాదు బాబూ. కానైతే ఎవులూ నవ్వరు. నవ్వకుండా లాగితే బరువు ఎక్కువగుంటాది.”

అంతే, ఆ పాత చరణాలు మళ్లీ ఆయన నోట వినలేదు. మా బావమరిది ఆ తర్వాత ముఠాలో చేరాడు కాబట్టి వాడికి గోవిందా పాట ఒక్కటే తెలుసు. మా మామ పోయినప్పుడు కూడా ముఠా వాళ్లు అదే పాడుతూ మోశారు.

కార్యక్రమం అయిన నాలుగు రోజులకు ఆ పాట పాడిన అమ్మాయి గోపాలపట్నంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇంకేమైనా చరణాలుంటే చెప్పమంది. అంతేనమ్మా, ఇంకేమీ లేవన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఏటి, అంతేనేటి? మా అయ్య పాడింది అదొక్కటేనేటి? రా అమ్మా, లోపలికి రా. ఈయనుంటే నాను సెప్పనేను.”

నేను వీధి అరుగు మీద కూర్చున్నాను. లోపల చాలాసేపు మా ఆవిడ గొంతు, మధ్యమధ్య ఆ అమ్మాయి పగలబడి నవ్వడం వినిపించాయి. వెళ్లేటప్పుడు ఆ పిల్ల గుమ్మంలో ఆగి, ఇవి మీ ఇంటి పాటలు కదా తాతగారూ, వేదిక మీద పాడితే మీకు అభ్యంతరమా అని అడిగింది. పాడుకోండమ్మా అన్నాను. వినడానికి మాత్రం రాలేనన్నాను.

ఇప్పుడు హార్బరులో వలల్ని యంత్రాలు లాగుతున్నాయి, డ్రమ్ముల్ని క్రేన్లు ఎత్తుతున్నాయి. లాగడానికి ఏ బరువూ లేని పిల్లలు సిగ్గు లేకుండా, హాయిగా పాడుతున్నారు. సిగ్గు లేకుండా అన్న మాట మా రోజుల్లో తిట్టు. ఆ పిల్లను చూశాక దాన్ని తిట్టుగా అనబుద్ధి కావడం లేదు. మా మామ కూడా ఒకప్పుడు అలాగే పాడేవాడు.