సూర్యుడికి ఫోటో, నా నెత్తికి పొగ

పెళ్లిచూపులకు వెళ్లాల్సిన రోజు, పట్టపగలు, నా తలకు నేనే నిప్పు పెట్టుకున్నాను. ఎలాగో చెబుతాను. జాలిపడే ఉద్దేశం ఉన్నవాళ్లే నవ్వండి.

కంకిపాడు అమ్మాయి ఫిజిక్స్ లెక్చరర్. ఫోన్లో, "నేను సూర్యుడికి ఫోటోలు తీస్తుంటానండీ" అని కోతలు కోశాను.

"అయితే ఆదివారం వచ్చేటప్పుడు ఒకటి తీసుకురండి," అంది. ఫోటో మాట దేవుడెరుగు, నా దగ్గర టెలిస్కోపే లేదు.

మేం కిరాణా కొట్టువాళ్లం. కొసరు లేకుండా కొత్తిమీర కూడా కొనం. సూర్యుణ్ని చూసే టెలిస్కోపు అమ్ముతున్న గన్నవరం మాస్టారిని బేరంతో పిండి పిప్పి చేసి, ఆఖర్న "కొసరేదండీ?" అన్నాను.

ఆయన నీరసంగా ఓ చిన్న గొట్టం చేతిలో పెట్టారు. "ఇది రాత్రిళ్లు నక్షత్రాలు వెతకడానికండీ. పగలు మూత తీయకండి."

ఊరికే వచ్చిన వస్తువును మూతపెట్టి ఉంచే వంశమా మాది? ఆదివారం డాబా మీద పెద్ద గొట్టానికి పైన దాన్ని బిగించి, మూత పీకేశాను. పెద్దదానికి లోపలే ఫిల్టరుంది. చిన్నదానికేముంది? నేను వంగి కెమెరా సర్దుతుంటే, ఆ చిన్నది భూతద్దంలా రోహిణీ కార్తె ఎండనంతా పోగేసి నా నడినెత్తిన పోసింది. చురుక్కుమంటే ఎండ కదా అనుకున్నాను. ఇంతలో మాడు వాసన.

"అమ్మా, పోపు మాడ్చేశావా?"

"పొయ్యే వెలిగించలేదు కదరా."

"మరి ఈ కంపేంటి? ఈ ఇంట్లో ఒక్క పనీ తిన్నగా చెయ్యరు."

తిట్టడానికి పైకొచ్చిన అమ్మ, "ఒరే, నీ తలే కాలుతోందిరా," అంటూ చేతిలోని మజ్జిగ నెత్తిన కుమ్మరించింది. బెజవాడలో నీళ్లు కరువైనట్టు.

కంకిపాడుకు టోపీతో వెళ్లాను. అమ్మాయి ఫోటో చూసింది, నన్ను చూసింది.

"ఫోటో బాగుందండీ. టోపీ తీయండి."

"చలిగా ఉందండీ."

"ఈ ఎండల్లోనా?"

తీశాను. వాళ్ల నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు.

"టెలిస్కోపు పైనున్న చిన్న గొట్టానికి మూత తీసేశారా?" అంది అమ్మాయి.

"ఆ మాస్టారిదే తప్పండీ," అని మండిపడ్డాను.

"చెప్పలేదా?"

"చెప్పారు. గట్టిగా చెప్పలేదు."

ఆమె కాఫీ ఒలికేలా నవ్వింది. "నాన్నా, నాకిష్టమే. ఈయన్ని పగటిపూట ఒంటరిగా వదలడం ప్రమాదం."

పెళ్లయింది. ప్రత్యక్ష నారాయణుడి సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఇకమీదట ఇంట్లో మాడు వాసన వస్తే, ముందు నా తల తడుముకున్నాకే ఎవరినైనా తిడతాను.