ఎనిమిదేళ్ళ బ్యాటరీ

"నాను ఎనిమిది నెల్ల మనిసినా?"

"ఆ మాట నీతో అన్లేదు కదా మావా. కార్లమ్మే పిల్లతో అన్నాను."

"నా గురించే కదా అన్నావు. నా సెవుల్తో ఇన్నాను."

"బేరం మాట అది. బేరంలో వంద అంతారు."

"ఏటి బేరం? నాను నీ గంపలో సేపనా, మొప్పలెత్తి సూసి కుళ్ళిపోనాదని సెప్పడానికి?"

"గట్టిగా అరవకు. నీరసమొస్తాది."

"వస్తే రానీ. ఎనిమిది నెల్లే కదా."

విజయనగరం వెళ్ళి కారు చూసి వచ్చిన సాయంత్రం, కళింగపట్నంలో మా ఇంటి అరుగు మీద నాకూ మా ఆయనకూ జరిగిన తగువు ఇది. ఆ కారు ఇప్పుడు మా వాకిట్లో ఉంది. ఆయన లేడు. ఊళ్ళో ఎవరైనా కారు కొనాలనుకుంటే మా ఇంటికొచ్చి "మామ్మా, అదెలాగున్నాది, కొనొచ్చా?" అని అడుగుతారు. మంచీ చెడ్డా చెబుతాను. ఈ తగువు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది లేకుండా చెబితే సగం చెప్పినట్టే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మూడో తరగతితో బడి మానేసినదానికి కార్ల సంగతేం తెలుసని అనుకోవచ్చు. కార్లు తెలియవు. సరుకు చూడటం తెలుసు. నలభై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మాను. మా ఇంట్లో తలుపు చెక్క దగ్గర్నుంచి కొడుకు ఐసు ఫ్యాక్టరీ మోటారు దాకా నేను వేలు పెట్టి నొక్కి చూడకుండా ఏదీ కొనలేదు.

మా ఆయనకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు శ్రీకాకుళం తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. వేకువనే ఆటోలో వెళ్ళేవాళ్ళం. ఎడమ చేతిలో నరాలు కలిపి ఆపరేషన్ చేశారు, సూదులు గుచ్చడానికి. ఆ చేతికి దెబ్బ తగలకూడదు, దాని మీద బరువు పడకూడదు. అందుకని ఆటోలో నేను ఎప్పుడూ ఆయనకు ఎడమవైపు కూర్చునేదాన్ని. గతుకు వచ్చే ముందే నా మోకాలు ఆయన మోకాలికి ఆనించి, ఆ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకునేదాన్ని. దారిలో ఏ గతుకు ఎక్కడుందో నాకు కంఠతా. తిరిగొచ్చేటప్పుడు ఆయనకు తల తిరిగేది, వణుకు వచ్చేది. ఇంటికి చేరేసరికి మనిషి పిండేసిన గుడ్డలా ఉండేవాడు.

మా కొడుకు రొయ్యల చెరువులవాళ్ళకు ఐసు పోస్తాడు. వసూళ్ళకీ, విడిభాగాలకీ రోజూ తిరగాలి. "అమ్మా, ఎలాగూ కారు కొనాలి. నాన్న పడుకుని ఎల్లేలా మంచిదే కొందాం" అన్నాడు. వాడే చెప్పాడు, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ రెండింటితో నడిచే కార్లున్నాయని. హైబ్రిడ్ అంటారట. దానికి ప్లగ్గు పెట్టి చార్జింగు చేయనక్కర్లేదు; బ్రేకు వేసినప్పుడూ, ఇంజను నడిచినప్పుడూ బ్యాటరీ దానంతటదే నిండుతుంది. ఆసుపత్రి లేని రోజు చూసుకుని ఐసు వ్యానులో ముగ్గురం విజయనగరం వెళ్ళాం. ఎక్కి దిగాల్సిన మనిషి ఆయన. ఆయన లేకుండా చూసి ఏం లాభం?

షోరూములో ఒక అమ్మాయి మమ్మల్ని తీసుకెళ్ళి చూపించింది. మంచి పిల్ల. ఓపికగా చెప్పింది. నేను ముందు సీటు నొక్కాను. బొటనవేలు దిగి మళ్ళీ పైకి తన్నింది, అంటే లోపల సరుకు బాగుంది. వెనక సీట్లో డ్రైవరు వెనకాల కూర్చోబెట్టాను ఆయన్ని, ఎడమ చెయ్యి తలుపు వైపు కాకుండా లోపలికి ఉండేలా. కాళ్ళు చాపుకోవడానికి చోటుంది. తల ఆనుతోంది. కానీ సీటు బాగా కిందికి ఉంది. కూర్చోవడం తేలిక, లేవడం కష్టం. మోకాళ్ళలో సత్తువ లేనివాడు పైనున్న పిడి పట్టుకోవాలి, ఒకరు చెయ్యి అందించాలి. ఆ చెయ్యి నాదే కదా అనుకున్నాను.

తర్వాత ఊళ్ళో ఒక చుట్టు తిప్పి చూపించారు. కొడుకు తోలాడు. కదిలినట్టే తెలియలేదు. సందులో మెల్లగా వెళ్తున్నంతసేపూ ఇంజను లేదు, చప్పుడు లేదు, చక్రాల కింద మట్టి నలిగే చప్పుడు తప్ప. మా ఆయన కిటికీలోంచి చూస్తున్నవాడు కాస్తా నా వైపు తిరిగాడు.

"ఒలే, తెరసాప ఎత్తినట్టున్నాది" అన్నాడు.

తెప్పలకు ఇంజన్లు రాకముందు సంగతి అది. గాలి పట్టి తెరచాప నిండితే తెప్ప ఇలాగే పోయేదని, ఎవరో వెనకనుంచి మెల్లగా తోసినట్టుండేదని చెప్పాడు. డయాలసిస్ మొదలయ్యాక అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినలేదు. ఆయన ఏదీ అడిగే మనిషి కాదు. కొత్త చొక్కా కూడా అడగలేదు ఎప్పుడూ. ఆ మాటతోటే నేను నిశ్చయం చేసేసుకున్నాను, ఈ కారే కొనాలని.

నిశ్చయం చేసుకున్నాను కాబట్టే దాన్ని తిట్టడం మొదలుపెట్టాను.

ఇది చేపల ఒడ్డు ఎరగనివాళ్ళకు చెప్పాలి. ఇసక మీద చేపలు కుప్ప పోశాక, మనకు కావలసిన కుప్ప వైపు ఆశగా చూడకూడదు. మొహం చిట్లించాలి. ఇవి నిన్నటివా అనాలి. మా ఇంట్లో తినేవాళ్ళే లేరు, కొని ఏం చేసుకుంటాను అనాలి. వంజరం ఎంత బాగుంటే నోరు అంత చెడ్డగా ఉండాలి. అమ్మేదానికీ తెలుసు అది అబద్ధమని, కొనేదానికీ తెలుసు. అందుకే ఎవరికీ నొప్పి ఉండదు. ఇదంతా ఆడవాళ్ళ పని. మా ఆయన తెప్ప ఒడ్డుకు లాగి, వల భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళి పడుకునేవాడు. యాభై ఏళ్ళ కాపురంలో నేను బేరం ఆడటం ఆయన ఒక్కరోజు కూడా వినలేదు.

షోరూముకు తిరిగొచ్చాక కొడుకు కాగితాల సంగతి మాట్లాడటానికి లోపలికి వెళ్ళాడు. ఆయన వెనక సీట్లోనే చల్లగాలికి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేనూ ఆ అమ్మాయీ కారు పక్కనే నిలబడ్డాం. డిక్కీ చిన్నది అన్నాను. నిజమే, ఐసు పెట్టె ఒకటి పడుతుంది, రెండోది పట్టదు. కడుపు కిందికుంది, మా ఊరి స్పీడు బ్రేకర్లకు గీసుకుపోతుంది అన్నాను. రంగు బాగోలేదు అన్నాను. రంగు బాగానే ఉంది. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది.

"మామ్మగారూ, బ్యాటరీకి ఎనిమిదేళ్ళు కంపెనీదే బాధ్యత. మీకు ఏ బెంగా ఉండదు" అంది.

"ఎనిమిదేళ్ళ బ్యాటరీ మాకెందుకమ్మా? లోపలున్న ముసలోడు ఎనిమిది నెల్లుంటే గొప్ప. ఆ మిగిలిన ఏళ్ళ ఖరీదు తగ్గించి ఇవ్వు" అన్నాను.

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. తల దించుకుని, "అలా అనకండి మామ్మగారూ" అంది. ఒడ్డు మీదైతే అవతలిది కూడా తన మొగుడి గురించి ఇంతకంటే ఘోరంగా అని, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఇది ఒడ్డు కాదని నాకు అప్పుడు తట్టింది. షోరూముల్లో ధర అచ్చు వేసి ఉంటుంది, నోటితో తగ్గదు. పాపం ఆ పిల్ల లోపలికి వెళ్ళి అడిగి, కాళ్ళ కింద వేసుకునే రబ్బరు పట్టాలు నాలుగు ఊరికే ఇస్తామని చెప్పింది. ఆ మాటకు నాకు దక్కింది అదీ.

అప్పుడు కారు వైపు తిరిగాను. అద్దం బెత్తెడు దించి ఉంది. ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయి. చల్లగాలి వస్తోందంటే కారు నడుస్తున్నట్టే. మామూలు కారైతే ఇంజను గురగురలో నా మాట కలిసిపోయేది. ఇది నడుస్తూ కూడా చప్పుడు చేయలేదు.

ఇంటికి వచ్చేదాకా వ్యానులో కొడుకు ఆ కారు గురించే చెబుతూ ఉన్నాడు. ఆ తర్వాతే అరుగు మీద మొదట్లో రాసిన తగువు.

కారు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ చెప్పడం నా వల్ల కాదు. రెండు నెలలకు కొడుకు దాన్ని కొన్నాడు, "నీ యాపారానికి కొనుక్కోరా" అని ఆయన చెప్పాకే. శ్రీకూర్మం తీసుకెళ్ళి పూజ చేయించాం. పూజకు ఆయన రాలేదు. ఊళ్ళో ఆగుతూ సాగుతూ తిరిగేవాళ్ళకు పెట్రోలు బాగా కలిసివస్తుంది. హైవే మీద ఒకే ఊపున తోలేవాళ్ళకు అంత కలిసిరాదు. అలాంటివాళ్ళు పై ఖరీదు పెట్టి ఇదే కొనాలా అని ఆలోచించుకోండి. సముద్రం దగ్గరివాళ్ళు అడుగుభాగం మంచినీళ్ళతో తరచూ కడగాలి, ఉప్పుగాలి ఇనుమును ఊరికే వదలదు. సందుల్లో హారను కొట్టాలి, చప్పుడు లేదు కాబట్టి కోళ్ళూ కుక్కలూ ముసలివాళ్ళూ తప్పుకోరు. అయిదుగురు ఎక్కితే స్పీడు బ్రేకరు దగ్గర ఇద్దరు దిగాల్సిందే. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎత్తు సీటున్న బండి చూసుకోవడం మంచిది. ఇన్ని చెప్పాక కూడా, సరుకు మంచిదే అంటాను. రోగిష్టి మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్ళడానికి అంత మెత్తటి బండి నేను చూడలేదు. ఎక్కాల్సినవాడు ఎక్కలేదు, అంతే. వానల్లో కూడా ఆటోలోనే వెళ్ళాడు. కొడుకు చేతులు పట్టుకుని బతిమాలాడు. నాకు బతిమాలడం రాదు. ఆ తగువు తర్వాత పదకొండు నెలలు ఉన్నాడు. నేనన్నదానికంటే మూడు నెలలు ఎక్కువే.

ఆ సాయంత్రం తగువు ఇంకా ఉంది. అరిచి అరిచి ఆయన అలసిపోయాడు. గోడకు జారబడ్డాడు. అప్పుడు నేను మెల్లగా చెప్పాను.

"నాకు నచ్చబట్టే ఆ కారుని తిట్టినాను మావా. నచ్చని సరుకుతో నాకు మాటెందుకు? సూడకుండా దాటిపోతాను. ఒడ్డున ఎవల్నైనా అడుగు."

"నాకేటి తెలుసు ఒడ్డు మాట? నువ్వు ఇంట్లో ఒక అబద్దం ఆడగా నాను ఇన్లేదు. అన్నం లేదంటే లేనట్టే, ఉన్నాదంటే ఉన్నట్టే. ఎనిమిది నెల్లంటే, డాక్టరు నీకేదో సెప్పీసినాడు గావాల అనుకున్నాను. నాకు దాసేసినారనుకున్నాను."

డాక్టరు ఏమీ చెప్పలేదు. ఆ అంకె నాదే. ఎనిమిదేళ్ళన్న మాట ఎదురుగా ఉంది కాబట్టి, ఎనిమిది నెలలని నోటికి వచ్చింది. అదే చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు. తర్వాత అడిగాడు:

"నచ్చబట్టే తిట్టినానంతన్నావు. ఇన్నేళ్ళూ నన్ను తిట్టినావు కదా ఒలే. అదీ నచ్చబట్టేనేటి?"

నవ్వులాటకు అడగలేదు. నిజంగా అడిగాడు. జవాబు కోసం నా మొహంలోకి చూశాడు. అవును అంటే సరిపోయేది. ఆ ఒక్క ముక్కా నోటిదాకా వచ్చింది. యాభై ఏళ్ళలో అలాంటి మాట అని ఎరగను. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, వాకిట్లో కూర్చుని, పక్కింటివాళ్ళు వింటుండగా ఎలా అంటాను?

"అన్నం సల్లారిపోతన్నాది. లెగు, తిను" అన్నాను.

ఆయన లేచి తిన్నాడు. డాక్టరు చెప్పిన లెక్కకు కొలిచి పెట్టిన నీళ్ళు సగమే తాగి, మిగిలినవి పారబోసి గ్లాసు బోర్లించాడు.

మర్నాడు పొద్దున్న అయిదున్నరకు ఆటో వచ్చింది. ఆసుపత్రి ఫైలు, అన్నం డబ్బా, దుప్పటి పట్టుకుని నేను వెనక సీట్లో ఎడమవైపుకు జరిగి కూర్చున్నాను, ఆయనకు చోటు వదిలి. ఆయన ముందుకు వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఎడమ చెయ్యి రోడ్డు వైపు పడింది. దాని మీద తువ్వాలు కప్పుకుని, కుడి చేత్తో తనే పట్టుకున్నాడు. మొదటి గతుకు వచ్చింది. నా మోకాలు దానంతటదే పక్కకు జరిగింది. పక్కన దుప్పటి ఉంది. శ్రీకాకుళం దాకా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.