రేకు పెట్టె మీద రెండు దెబ్బలు

దయ్యాలను నమ్మే తీరిక నాకు ఎన్నడూ దొరకలేదు. నల్లగొండ దిక్కు పల్లె నుంచి పెళ్లయి పట్నం వచ్చినప్పుడు సరూర్‌నగర్ చెరువు దగ్గర మేము కిరాయికి దిగిన ఇంట్లో ఎవరో ఉరేసుకున్నారని చుట్టుపక్కల వాళ్లు చెప్పారు. ఆ మాట వినగానే నేను పోయి ఇంటి ఓనరును కిరాయి తగ్గించమన్నాను. తగ్గించాడు. చాలా ఏళ్లు ఉన్నాం ఆ ఇంట్లో. గోడల చెమ్మ తప్ప నన్ను ఏదీ పరేషాన్ చేయలేదు.

నేను చదివింది ఐదో తరగతి. అయినా ఇది నా చేత్తోనే రాస్తున్నాను. అచ్చుతప్పులు దిద్దమని మనవరాలికి ఇచ్చాను, మాటలు మాత్రం మార్చొద్దని చెప్పాను. జరిగింది జరిగినట్టే ఉండాలి.

మా ఆయన సిటీ బస్సులో కండక్టరు. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పోయే బస్సుల్లోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. టికెట్లు పెట్టుకునే రేకు పెట్టె ఒకటి ఎప్పుడూ చంకలో ఉండేది. బస్సు కదలాలంటే కండక్టరు రెండు దెబ్బలు కొట్టాలి, ఆగాలంటే ఒకటి. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. ఆయనకు నవ్వొస్తే పక్కనున్న ఆ పెట్టె మీద టక్ టక్‌మని రెండు కొట్టేవాడు.

ఆ నవ్వు కూడా ఒక తీరు. అందరూ నవ్వి ఊరుకున్నాక ఆయన మొదలుపెట్టేవాడు. ముందు ముక్కులో సన్నగా ఈల వేసినట్టు వచ్చేది, తర్వాత గొంతులోంచి పొడి దగ్గులాంటి నవ్వు, ఆఖరుకు రేకు మీద రెండు దెబ్బలు. ఎందుకంత ఆలస్యంగా నవ్వుతావని అడిగితే, "అందరు ఎక్కినంకనే గద రైట్ కొట్టేది" అనేవాడు.

ఇక ఆ సీరియల్ సంగతి. అప్పట్లో వారానికి ఒకసారి టీవీలో వచ్చేది. అందరూ దాన్ని ఠాణా సీరియల్ అనే అనేవాళ్లు. పట్నం నడుమ ఒక పోలీస్ స్టేషన్. అందులో ఒక్క కేసూ తేలదు. ఒక దొంగ మధ్యాహ్నం కాగానే తనంతట తనే వచ్చి లాకప్‌లో కూర్చుంటాడు, అక్కడి పప్పు బాగుంటుందని. సాక్ష్యం కోసం పట్టుకొచ్చిన కోడి బీరువాలో గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు సర్కారుదా, కోడిని పోగొట్టుకున్నవాడిదా అని స్టేషనంతా కొట్లాడుకుంటారు. ఈలోపు ఎస్సై దాన్ని అట్టు వేయించుకుని తినేస్తాడు.

ఇవేవీ నేను చూసినవి కావు. వంటింట్లో పని చేసుకుంటూ విన్నవి, అన్నం తినేటప్పుడు ఆయన మళ్లీ చెప్పినవి. చూసేవాళ్లకు నవ్వాలని గుర్తుచేయడానికేమో, ఆ సీరియల్ వాళ్లే వెనకాల జనం నవ్వులు పెట్టేవాళ్లు. ఆ నవ్వులు ఆగాక మా ఆయన నవ్వు, రెండు దెబ్బలు. వంటింట్లోకి అన్నీ వినపడేవి.

అందులో కనకరత్నం అని ఒక లేడీ కానిస్టేబుల్ ఉండేది. ఆ మనిషి గొంతు వినపడితే చాలు, మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకునేవాడు. మిగతా వాళ్ల మాటలకు ఒకసారి నవ్వితే ఈమె మాటకు కళ్లు తుడుచుకునేదాకా నవ్వేవాడు. నేను పొద్దటి నుంచి రాత్రిదాకా అదే ఇంట్లో మాట్లాడుతూనే ఉండేదాన్ని. నా మాటకు పెట్టె మీద దెబ్బ పడింది లేదు.

ఒకరోజు అడిగేశాను.

"గామెల ఏమున్నదని గట్ల ఇగిలిస్తవు?"

"ఏందే గా మొఖం? ఆమె టీవీల ఉన్నది. బయటికొచ్చి నా పక్కన కూసోదు. నువ్వొచ్చి కూసో, జాగ ఖాళీగనే ఉన్నది."

"నాకు పని లేదనుకున్నవా? నేను కూసుంటె కరెంటు మీటరు ఆగుతదా?"

పోలేదు. సీరియల్ ఆగిపోయేదాకా ఒక్క రోజు కూడా పోయి కూర్చోలేదు.

తర్వాత ఎల్బీనగర్‌లో కొడుకు ఇల్లు కట్టాడు. కొడుకు పెళ్లి కోస్తా వాళ్ల అమ్మాయితో జరిగింది. పెళ్లయిన కొన్ని నెలలకే మా ఆయన పోయాడు. మనవరాలు సింధు పుట్టింది ఆయన పోయాకే. టికెట్ల పెట్టెను నేను పారేయలేదు. గుండీలు, సూదులు, దారపు ఉండలు వేసి పాత చీర ముక్కలో చుట్టి నా మంచం కింద పెట్టుకున్నాను. దాన్ని బయటికి తీసేది నేనొక్కదాన్నే.

పోయిన వానాకాలం మా వియ్యపురాలు రాజ్యం మోకాలి ఆపరేషన్ కోసం వచ్చింది. దవాఖాన మా ఇంటికి దగ్గర కాబట్టి నడక కుదిరేదాకా మా ఇంట్లోనే ఉంచుకున్నాం. మనిషి మంచిదే. అందరినీ నవ్విస్తుంది, తనూ నవ్వుతుంది. మా సింధు కాలేజీ నుంచి రాగానే ముందు నా దగ్గరికి వచ్చేది, ఇప్పుడు చెప్పులు విడవకముందే "అమ్మమ్మా" అంటూ ఆ గదిలోకి పోవడం మొదలుపెట్టింది. నేను చేసిన సకినాలు ఆమె మంచం దగ్గర కూర్చుని తినేవాళ్లు. నాకు మండకుండా ఎట్లుంటుంది?

ఆమెకు పొద్దు పోవడం లేదని సింధు ఫోనులో వెతికి ఆ పాత ఠాణా సీరియల్ టీవీకి పెట్టింది. ఇక రోజూ మధ్యాహ్నం అదే. నేను మామూలుగా వంటింట్లోనే. అన్నేళ్ల తర్వాత ఆ కనకరత్నం గొంతు మళ్లీ నా ఇంట్లో వినపడితే చేతిలో గిన్నె గట్టిగానే పెట్టాను.

ఒకరోజు టీ ఇవ్వడానికి పోతే రాజ్యం అంది:

"వదినగారూ, ఈ సీరియల్లో వెనకాల నవ్వే జనంలో ఒకాయన ఉన్నాడండి, భలే మనిషి. అందరూ నవ్వేశాక నవ్వుతాడు. ముందు ముక్కుతో ఈలేసినట్టు, ఆనక దగ్గినట్టు. నవ్వి ఊరుకోడు, రేకు డబ్బా మీద రెండు కొడతాడు చూడండీ, అక్కడ నాకు నవ్వాగదు."

నా చేతిలో టీ ఒలికింది. టీ ఒలకబోసుకునే మనిషిని కాను నేను.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రాజ్యం మా ఆయనను చూసింది పెళ్లిచూపుల్లో, పెళ్లిలో. అంతే. ఆ రెండుసార్లూ ఆయన నవ్వలేదు. ఆడపెళ్లివాళ్ల ముందు ఇకిలిస్తే మర్యాద కాదని నేనే గట్టిగా చెప్పి ఉంచాను. ఉన్న ఆ కొన్ని నెలలు కోడలి ముందు కూడా ఆయన నవ్వు ఆపుకునేవాడు, పెట్టె సంగతి ఆమెకూ తెలియదు.

ఆదివారం కొడుకు ఇంట్లో ఉన్నప్పుడు, భోజనాల దగ్గర ఆ నవ్వు ఎట్లుంటుందో చేసి చూపించమని రాజ్యాన్ని అడిగాను. ఆమె ఈల, దగ్గు చేసి, స్టీలు గ్లాసు మీద వేళ్లతో రెండు కొట్టింది. నా కొడుకు నోటిదాకా తెచ్చిన ముద్ద అట్లనే ఆగిపోయింది.

"అమ్మా, గిది నాయిన నవ్వు గద" అన్నాడు. ఆ తర్వాత అన్నం తినలేదు.

ఆ రోజు సీరియల్ పెట్టుకుని ఇంటిల్లిపాదీ విన్నాం. నా కొడుక్కి జనం నవ్వులే వినపడ్డాయి. కోడలికీ అంతే. సింధు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో వెనక్కీ ముందుకీ తిప్పి విన్నది. అట్లాంటి నవ్వు ఎక్కడా లేదంది. నేను గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించి విన్నాను. నాకూ ఏమీ వినపడలేదు.

రాజ్యం మాత్రం, "ఇదిగో, ఇప్పుడు నవ్వాడు" అంటూనే ఉంది.

మందుల వల్ల ఆమెకు చెవుల్లో ఏవో మోతలు వస్తున్నాయని కొడుకు అన్నాడు. కావచ్చు. కానీ మందులు మా ఆయన నవ్వును ఎక్కడి నుంచి పట్టుకొస్తాయి?

భయమైందా అని సింధు అడిగింది. భయం కాదు. నాకు పుట్టింది మంట. నలభై ఏళ్లకు దగ్గరగా ఆయనకు వండిపెట్టింది నేను. ఆయన ఖాకీ బట్టలు ఉతికి ఆరేసింది నేను. మనిషి తిరిగి వచ్చాడే అనుకుందాం, నా ఇంటికి వచ్చి, నాకు కాక, రెండుసార్లు చూసిన వియ్యపురాలికి నవ్వు వినిపించి పోతాడా? పైగా ఆమె దాన్ని సొంతం చేసుకుంది. "అన్నయ్యగారు ఇవాళ బాగా హుషారుగా ఉన్నారండి" అని నాకే చెప్పేది. నా మొగుడి హుషారు నేను ఆమెను అడిగి తెలుసుకోవాలి.

రెండు మూడు రోజులు పళ్లు బిగబట్టి చూశాను. తర్వాత ఒక మధ్యాహ్నం మంచం కింది పెట్టె బయటికి లాగాను. గుండీలు, సూదులు స్టీలు డబ్బాలోకి వంపేశాను. పెట్టె నిండుగా ఉంటే మోత రాదు, ఖాళీగా ఉంటేనే వస్తుంది. దాన్ని కొంగుతో తుడిచి తీసుకుపోయి రాజ్యం పక్కన కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాను. కొట్టాలనుంటే నా ఒళ్లోనే కొట్టాలి, మరొకచోట కాదు. నా ఆలోచన అదే.

సింధు ఆశ్చర్యపోయింది. "నానమ్మా, నువ్వు సీరియల్ చూస్తవా?"

"ఎందుకు చూడొద్దు? కరెంటు బిల్లు నా కొడుకు కడ్తలేడా?"

జీవితంలో మొదటిసారి ఆ కనకరత్నం మొహం చూశాను. అందగత్తె అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు. నా తీరుగానే ఎండిపోయిన మనిషి, నుదుట రూపాయంత బొట్టు, బిగించి కట్టిన కొప్పు. ఆ రోజు కథలో ఎస్సై తన కుర్చీలో కునుకు తీస్తుంటాడు. ఆమె వచ్చి ఫ్యాన్ బంద్ చేస్తుంది. చెమటపట్టి ఎస్సై లేచి మళ్లీ వేస్తాడు. ఆమె మళ్లీ బంద్ చేస్తుంది. "సర్కారు గాలని తేరగా పీలుస్తున్నారా? ఇంట్లో అయితే ఇట్లనే తిప్పుతారా?" అంటుంది.

సింధు నన్ను చూసి, రాజ్యం వైపు తిరిగింది. "అమ్మమ్మా, చూడు. అచ్చం నానమ్మ లెక్కనే ఉన్నది కదా? నాతోని రోజూ గిదే అంటది."

రాజ్యం నవ్వుతూ నన్ను చూసి, మళ్లీ టీవీని చూసి, "అవునే, వదినగారే!" అంది.

వంటింట్లోంచి మాటలు విన్నాను కానీ ఆ మాటలు నావేనని నాకు ఎన్నడూ తోచలేదు. ఆయన నవ్వింది ఎవరిని తలచుకుని? ఆ సంగతి ఆలోచిస్తుంటే నా మంట తగ్గకపోగా ఇంకా పెరిగింది. నా మాటలు పట్టుకుపోయి ఆ మనిషి అన్నేళ్లు నవ్వులు దండుకుందా అని.

టీవీలో కనకరత్నం గొప్పగా చేతులు దులుపుకుని గదిలోంచి బయటికి పోయింది. పైన ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. పట్టపగలు.

నాకు ఆగలేదు. "గదో, లైటు ఇడిసిపెట్టి పోయింది. ఫ్యాన్ ఒక్కటి బంద్ చేసి పెద్ద పొదుపు చేసిందట. నా దగ్గర పదిరోజులుంటే నేర్చుకుంటుండె" అన్నాను, టీవీ వైపే చూస్తూ.

సింధు పకపకా నవ్వింది. రాజ్యం నవ్వింది. టీవీలో జనం దేనికో నవ్వారు. అందరి నవ్వులూ ఆగాయి.

అప్పుడు నా ఒళ్లో పెట్టె మీద రెండు దెబ్బలు పడ్డాయి.

నా చేతులు రెండూ కుర్చీ పిడుల మీద ఉన్నాయి. సింధు కింద చాప మీద ఉంది, రాజ్యం అవతల మంచం మీద. దెబ్బలు చెవికి వినపడడమే కాదు, నా తొడలకు తగిలాయి. వాటికి ముందు, నా కుడిచెవి పక్కన, ముక్కుతో వేసిన సన్నటి ఈల విన్నాను. ఆ పక్కన గోడ తప్ప ఏమీ లేదు.

పెట్టె మీద అరచెయ్యి పెట్టాను. రేకు సన్నగా వణుకుతూ, మెల్లగా ఆగిపోయింది. బస్సు ఇంజను బంద్ చేశాక కిటికీ రేకు ఆగినట్టు.

కాసేపటికి రాజ్యం అంది: "ఇవాళేంటో వదినగారూ, ఆయన నవ్వలేదండి. మీరొచ్చి కూర్చుంటే బాగా నవ్వుతారనుకున్నాను."

"అవునా" అన్నాను.

"మీకేమైనా వినపడిందా?"

"నాకేం వినపడుతది, ముసలిదాన్ని" అన్నాను.

ఆ రోజు తర్వాత రాజ్యానికి ఆ నవ్వు మళ్లీ వినపడలేదు. ఇంకా కొన్నాళ్లు మా ఇంట్లో ఉంది, రోజూ చెవులు రిక్కించి చూసింది. మందులు మానేసినందుకేనని నా కొడుకు అన్నాడు. పెట్టె రేకు ఎండకు సాగి దానంతట అదే టక్కుమని ఉంటుందని ఎవరైనా అనవచ్చు. ఆ రోజు ముసురు పట్టి ఉంది, ఎండ లేదు. సాగిన రేకు లెక్కపెట్టి రెండుసార్లే మోగదు. ఇంతకు మించి నాకు తెలియదు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను.

గుండీలు స్టీలు డబ్బాలోనే ఉన్నాయి. పెట్టె ఖాళీగా ఉంచాను. మధ్యాహ్నం సింధుతో సీరియల్ పెట్టించుకుని కనకరత్నం చేసే తప్పులన్నీ పైకి చెబుతుంటాను. ఆ గంటసేపు కరెంటు సంగతి ఎత్తడం లేదు.

పోయేటప్పుడు రాజ్యం నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యగారు మళ్లీ నవ్వితే నాకు ఫోన్ చేసి చెప్పండి వదినగారూ" అంది.

"చెప్తలే" అన్నాను.

చెప్పలేదు. నవ్వాడా లేదా అన్నది ఇక్కడ కూడా రాయను. ఇది అచ్చయితే ఆమె తప్పకుండా చదువుతుంది.