నోరు తెరవమని ఎవరూ చెప్పలేదు

ఆ రోజు ఏకాదశి. పూజయ్యాక తీర్థం నోట్లో పోసుకుంటే ఎడమ బుగ్గ లోపల భగ్గున మండింది. నేరేడ్‌మెట్‌లో మాకు తెలిసిన పళ్ల డాక్టరు టార్చి వేసి చూసి, పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. నేను పొగాకు ముట్టలేదు, వక్క కూడా నమలను. సర్జరీ చేశారు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. నోరంతా పుండయింది.

రేడియేషన్ ఆఖరి రోజు పెద్దాసుపత్రి డాక్టరు గారు, "అయిపోయిందమ్మా, ఇంక ఇంటికెళ్లండి," అన్నారు. ఆయనకు చేతులెత్తి మొక్కాను.

మాట్లాడితే మంట. ఎలాగూ మాట్లాడలేను కదా, ఆ మౌనమేదో ప్రాణం నిలిపిన స్వామికే ఇద్దామని మండలం పాటు మౌనవ్రతం పట్టాను. నేను బడికి పోలేదు, మా బాపు ఇంట్లోనే చదువు చెప్పాడు. పట్టిన వ్రతం మధ్యలో విడవకూడదన్నది ఆ చదువులో మొదటి పాఠం. జావ, మజ్జిగ గొట్టంతో పీల్చుకుంటూ దవడ కదపకుండా గడిపాను.

వ్రతం ముగిసిన రోజు మా ఆయన దద్ధోజనం చెంచాతో తెచ్చాడు. నోరు తెరుచుకోలేదు.

"ఇగ మాట్లాడొచ్చు గదనే, నా మీద అలిగినవా?" అని నవ్వాడు. నా కళ్లలో నీళ్లు చూసి చెంచా కింద పెట్టేశాడు.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. "ఇది ట్రిస్మస్ అమ్మా. రేడియేషన్‌కు దవడ కండరాలు బిగుసుకుపోతాయి. ఎక్సర్‌సైజులు చేయలేదా?" అని అడిగారు డాక్టరు గారు. ఏ ఎక్సర్‌సైజులు? అని కాగితం మీద రాసి చూపించాను. ఆయన ఫైలు తిరగేశారు. "రిపోర్ట్ క్లీన్‌గా ఉంది, సంతోషించండి," అన్నారు. ఒళ్లు మండిపోయింది. క్లీన్ రిపోర్టును అన్నంలో కలుపుకుని తినగలనా?

ఫిజియోథెరపీ అమ్మాయి పళ్ల మధ్య చెక్కపుల్లలు పెట్టి, ఒక్కొక్కటే పెంచడం నేర్పింది. ప్రాణం పోయినంత నొప్పి. ఆ నొప్పిలో ఉండగా మా ఆడపడుచు వచ్చింది. "బతికి బయటపడ్డవ్ గద వదినా, తిండి కోసం గింత పరేషాన్ ఏంది?" అంది. పుల్లలు తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఇవి నోట్ల పెట్టుకొని పప్పన్నం తిను, అప్పుడు చెప్పు," అన్నాను. వ్రతం తర్వాత నేను స్పష్టంగా పలికిన మొదటి మాట అదే.

ఇప్పుడు నోట్లో నిలువుగా రెండు వేళ్లు పడుతున్నాయి, మూడు పట్టాలట. మెత్తటి అన్నం తింటాను, రొట్టె తినలేను. లాలాజలం ఊరదు, నీళ్ల సీసా లేనిదే గడప దాటను. ప్రాణం పోసిన డాక్టరు గారికి, ఆ అమ్మాయికి రోజూ మొక్కుతాను. కానీ ముందే ఒక్క మాట చెప్పనందుకు కోపం పోలేదు. స్వామి ముందు కూడా దాన్ని దాచను.

మీ ఇంట్లో ఎవరికైనా రేడియేషన్ మొదలవుతుంటే, నోరు తెరిచే ఎక్సర్‌సైజులు ముందే అడగండి. చూపించేదాకా కుర్చీలోంచి లేవకండి. మొక్కులు తర్వాత తీర్చుకోవచ్చు, దేవుడు ఆగుతాడు. దవడ ఆగదు.