మా చెల్లెలు చెప్పిన కంప్యూటరు అర్థాలు

పోయిన వారం నా సెల్‌ఫోను మొరాయించింది. ఫొటో తీయబోతే చోటు లేదంటుంది, ఉన్నవి కొన్ని తీసేస్తే ఒక పూట ఊరుకుని మళ్లీ మొదటికి వస్తుంది. మన వయసు వాళ్లం ఇలాంటివి ఇంట్లో పిల్లల్ని అడిగితే వాళ్లకు చిరాకు, అడక్కపోతే మనకు చిరాకు కాబట్టి, గుంటూరు వెళ్లి బస్టాండు పక్క సందులో ఉన్న ఒక రిపేరు కొట్టుకు తీసుకెళ్లాను. నాకంటే ముందు ఒక రైతు నిలబడి ఉన్నాడు. ఫోనులో బోలెడు చోటుందని చూపిస్తూనే ఇంత నెమ్మదిగా ఎందుకు నడుస్తోందని ఆయన గొడవ. కొట్టతను, నలభై దాటిన సాయిబు, చేతిలో పని ఆపకుండానే చెప్పాడు. "చూడు బాబాయ్, కోల్డ్ స్టోరేజీలో నీ మిర్చి బస్తాలు ఎన్నైనా పెట్టుకో, అది వేరు. కళ్లంలో కాయ ఆరబోసుకునే జాగా వేరు. నీ కళ్లం చిన్నది. నాలుగు చేల కాయ ఒక్కసారే తెచ్చి పోస్తే ఇక నడవటానికి సందెక్కడుంది?" రైతు నవ్వి, ఫోనులో తెరిచి ఉన్న యాప్‌లన్నీ మూయించుకుని వెళ్లిపోయాడు.

ఈ మాట నీకెవరు చెప్పారు బాబూ అని అడిగాను. చాలా ఏళ్ల కిందట ఎవరో ఇంగ్లీషు సారు కంప్యూటరు క్లాసులో చెప్పేవాడట, ఇతని అన్నయ్య ఆ క్లాసుకు వెళ్లి వచ్చి ఇంట్లో చెప్పేవాడట. "ఆ సారు బుర్రే బుర్రండీ" అన్నాడు. ఆ సారు నేనే. ఆ బుర్ర మాత్రం నాది కాదు, మా చెల్లెలిది. ఆ ముక్క అతనితో చెప్పడానికి నోరు రాక, ఫోను బాగు చేయించుకోకుండానే మా ఊరు నల్లపాడు వచ్చేశాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల చివరి సంవత్సరాలు మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. గుంటూరులో మెట్లున్న ప్రతి మేడ మీదా ఒక కంప్యూటరు సెంటరు వెలిసింది. చెప్పులు బయట విప్పాలి, తలుపు తీసిన మరుక్షణం మూసెయ్యాలి, చల్లగాలి బయటికి పోతే యంత్రాలు పాడైపోతాయని అందరికీ భయం. మనుషులకు లేని ఏసీ వాటికి ఉండేది. నేను అప్పటికి ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు మాస్టారిని. సెంటరు యజమాని నన్ను సాయంత్రం క్లాసులకు పిలిచింది కంప్యూటరు వచ్చని కాదు, ఇంగ్లీషు వచ్చని. చేరేవాళ్లంతా చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన తెలుగు మీడియం పిల్లలు. మౌసు పట్టుకోవడం రెండు రోజుల్లో వచ్చేసేది గానీ, తెర మీద కనిపించే ఇంగ్లీషు మాటలు చూసి బిక్కచచ్చిపోయేవారు. నేను మెడకు టై బిగించుకుని, ర్యామ్ అంటే ఏమిటి, హార్డ్ డిస్క్ అంటే ఏమిటి అని పుస్తకంలోని నిర్వచనాలు బోర్డు మీద ఇంగ్లీషులో రాసి బట్టీ పట్టించేవాణ్ణి. వాళ్లు గడగడా అప్పజెప్పేవారు, ఒక్కరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నిజం చెప్పాలంటే నాకూ అంతంతమాత్రమే, వాళ్లకంటే ఒక పాఠం ముందున్నానంతే.

మా చెల్లెలు నాకంటే పదకొండేళ్లు చిన్నది. పదో తరగతి పాసైంది, పెళ్లయిన మూడేళ్లకే భర్త జబ్బుచేసి పోతే మా దగ్గరికి వచ్చేసింది. మా అమ్మా, నా భార్యా ఎంత వద్దన్నా ఊరికే కూర్చుని తినడం ఇష్టం లేక, మిర్చి గోడౌన్లలో కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఆ పని చేసిన చేతులు ఎలా మంటెత్తుతాయో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంటికి రాగానే స్నానం చేసి, చేతులకు ఆముదం పట్టించుకుని, అన్నం కూడా చెంచాతో తినేది. తిన్నాక, నూనె అంటకుండా వేళ్ల చివర్లతో నా నోట్సు పేజీలు తిప్పుతూ ఇవాళ ఏం మాటలు చెప్పావన్నయ్యా అని అడిగేది. నేను విసుగ్గానే చెప్పేవాణ్ణి. ఒకరోజు అంతా విని, "అయితే ర్యామంటే కళ్లంలో ఆరబోసిన కాయన్నమాట. కళ్లెదురుగా ఉంటది, చేతికందుద్ది, వానొస్తే మాత్రం పోద్ది. సాయంత్రానికి బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీకి తోలుకోవాల. సేవ్ చెయ్యటమంటే అదేగా?" అంది. కంప్యూటరుకూ కళ్లానికీ పోలికేమిటి, తెలియకపోతే తెలియనట్టు ఊరుకోవాలి అని కసిరాను. ఆమె నవ్వేసి ఊరుకుంది, నేను కసిరినప్పుడల్లా నవ్వేసేది.

మర్నాడు క్లాసులో కరెంటు పోయింది. గంటసేపు కష్టపడి కొట్టిన పేజీలు ఏమైపోయాయని పిల్లలు గోలగోలగా అడిగారు. నేను నిర్వచనం కోసం నోరు తెరిస్తే కళ్లమూ, వానా బయటికి వచ్చాయి. గదంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఆ రోజు తర్వాత సేవ్ చేయడం మర్చిపోయినవాడు మా క్లాసులో లేడు. సారు భలే చెబుతారని పేరు వచ్చింది, పక్క సెంటర్ల నుంచి కూడా పిల్లలు వచ్చి చేరారు. నేను రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, మర్నాటి మాటలు ముందుగా మా చెల్లెలికి చెప్పి, ఆమె ఏమంటుందో విని, దాన్ని తీసుకెళ్లి బోర్డు ముందు నిలబడి చెప్పేవాణ్ణి. ఎవరి మాటలని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ ఏడాదే చిలకలూరిపేట దారిలోని ఒక స్పిన్నింగు మిల్లులో కూలీల హాజరు కంప్యూటరులో ఎక్కిస్తున్నారనీ, మా సెంటరు సర్టిఫికెట్టు ఉన్న ఆడమనిషిని తీసుకుంటారనీ తెలిసింది. మా చెల్లెలు ఆ మాట విన్నప్పుడు ఆమె మొహం చూడాల్సింది. "కుర్చీలో కూర్చుని చేసే పని అన్నయ్యా, చేతులు మండవు. నన్నూ మీ క్లాసులో చేర్పించవా?" అంది. జీవితంలో ఆమె నన్ను అడిగింది ఆ ఒక్కటే. మా సెంటర్లోనే చేర్పించాను, కానీ ఒక షరతు పెట్టాను. అక్కడ అన్నయ్యా అని పిలవకూడదు, అందరిలాగే సార్ అనాలి. క్రమశిక్షణ అని చెప్పాను. అది అబద్ధం. టై కట్టుకున్న ఇంగ్లీషు సారు చెల్లెలు తొడిమలు తీసే కూలి అని అక్కడివాళ్లకు తెలియడం నాకు ఇష్టం లేదు, అంతే. "అట్టాగే సార్" అని ఆమె అక్కడికక్కడే పకపకా నవ్వింది.

రెండు నెలలు ఒక్కరోజు మానకుండా వచ్చింది. రోజూ పని దిగగానే ఇంటికి పోయి, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చేది. ఆఖరి పరీక్ష మార్చి నెలలో పడింది. గోడౌన్లలో కొత్త కాయ కొండల్లా పడి ఉండే రోజులు. ఆ వేళ మేస్త్రి ఎంతకీ వదల్లేదట, నల్లపాడు వచ్చి తిరిగి వెళ్లే వ్యవధి లేదు. కుళాయి దగ్గర చేతులూ మొహమూ నాలుగుసార్లు కడుక్కుని, చేతులు శుభ్రంగా ఉంటే చాలుననుకుని, పని చీరతోనే వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. మూసిన తలుపులు, పైనుంచి ఏసీ గాలి. చీర కుచ్చిళ్లలో, జుట్టులో పేరుకున్న మిరప దుమ్ము అయిదు నిమిషాల్లో గదంతా కమ్మేసింది. ఒకరి తర్వాత ఒకరు దగ్గు, తుమ్ములు. ముందు వరసలో పిల్ల కళ్లు నలుపుకుని లబోదిబోమంది. పరీక్ష ఆగిపోయింది. యజమాని ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చి, "ఎవరండీ ఈవిడ? మీకు తెలిసినావిడేనా?" అన్నాడు.

కాదండీ, ఈమధ్యే చేరింది అన్నాను.

అని ఊరుకోలేదు. ఆమె వైపు తిరిగి, పదిమంది ముందూ, ఇలా రాకూడదమ్మా, బయటికి వెళ్లండి అన్నాను. జన్మలో మొదటిసారి మా చెల్లెల్ని అండీ అని పిలిచాను. ఆమె నా మొహంలోకి ఒక్కసారి చూసింది. తను అప్పటిదాకా కొట్టిన పేజీని జాగ్రత్తగా సేవ్ చేసి, కుర్చీ లోపలికి జరిపి, "అట్టాగే సార్" అని బయటికి వెళ్లిపోయింది. ఈసారి నవ్వలేదు.

నేను ఇంటికి చేరేసరికి ఆమె స్నానం చేసి, మామూలుగానే వంటింట్లో ఉంది. నాకు అన్నం వడ్డిస్తూ, "నాదే తప్పన్నయ్యా, చీరలో ఇంత ఘాటు ఉంటదని తెలియలా" అంది. అమ్మకు చెప్పలేదు, నా భార్యకు చెప్పలేదు. నేను క్షమించమని అనలేదు. వచ్చే వారం పరీక్ష మళ్లీ పెట్టిస్తాను రా అన్నాను. తల ఊపింది గానీ రాలేదు. ఆ గడప మళ్లీ తొక్కలేదు, నేనూ బలవంతం చేయలేదు, ఎందుకంటే రాకపోవడమే నాకు హాయిగా ఉంది. మిల్లు కుర్చీలో నా క్లాసులోని వేరే అమ్మాయి కూర్చుంది. మా చెల్లెలు గోడౌనుకే పోయింది.

ఇంత జరిగాక కూడా నేను రోజూ మాటలకు అర్థాలు అడుగుతూనే ఉన్నాను, ఆమె చెబుతూనే ఉంది. నాకెంత సిగ్గులేదో చూడండి. రెండు మూడేళ్ల తర్వాత సెంటరు వాళ్లు, తెలుగు మీడియం వాళ్ల కోసం కంప్యూటరు మాటల పుస్తకం ఒకటి వేద్దామన్నారు. పది సాయంత్రాలు ఆమె ఎదురుగా కూర్చుని ఒక్కొక్క మాటా అడిగి రాసుకున్నాను. కర్సరు అంటే విత్తే గొర్రు, అదెక్కడుంటే అక్కడే గింజ పడుద్ది అంది. వైరస్ అంటే పత్తికి తగిలే తెల్లదోమ, పక్క చేలోంచి వస్తది, మన చేను ఎంత బాగున్నా ఆగదు అంది. రీసైకిల్ బిన్ దగ్గర కాస్త ఆలోచించి, తెల్లబారిన తాలు కాయను ఏరి మూలకు పోస్తాం గానీ వెంటనే పారబొయ్యం కదన్నయ్యా, కావాలంటే మళ్లీ తెచ్చుకోవచ్చు, అదీ అంతే అంది. చెబుతున్నంతసేపూ దగ్గుతూనే ఉంది. ఆ దగ్గు నాకు వినపడలేదని చెప్పలేను, పట్టించుకోలేదు.

పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద నా పేరు, పక్కన నా డిగ్రీలు. ఇంటికి తేగానే ఆమె చేతులు తుడుచుకుని, కొత్త పుస్తకానికి పెట్టినట్టే నాలుగు మూలలా పసుపు పెట్టి, మొదటి పేజీ నుంచి నెమ్మదిగా తిప్పింది. కృతజ్ఞతలు రాసిన పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. అందులో సెంటరు యజమాని ఉన్నాడు, ప్రెస్సువాళ్లు ఉన్నారు, మా స్కూలు హెడ్మాస్టరు కూడా ఉన్నాడు. వేలు పెట్టి కింది దాకా చదివి, మళ్లీ పై నుంచి చదివింది. "బాగుందన్నయ్యా, నీ పేరు ఎంత పెద్దక్షరాల్లో వేశారో" అని పుస్తకం నాకు ఇచ్చేసింది. రెండోసారి అచ్చువేసినప్పుడు పేరు పెట్టొచ్చులే అని నాకు నేను చెప్పుకున్నాను. రెండోసారి అచ్చు పడలేదు.

దగ్గు ఆయాసమైంది. ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు డాక్టర్లు. ఇంకా నలభై నిండలేదు. ఒక వానాకాలం పొద్దున ఆసుపత్రిలో, నా భార్య చేతుల్లో పోయింది. నేను మందుల కోసం కిందికి వెళ్లి ఉన్నాను.

పదిహేను రోజుల తర్వాత మరణం నమోదు చేయించడానికి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటరు ముందు ఒక చిన్న అమ్మాయి కూర్చుని ఉంది. పేరు అడిగింది, వయసు అడిగింది. మీకేమవుతారు సార్ అని అడిగింది. చెల్లెలమ్మా అన్నాను. కంప్యూటరు ఉన్న గదిలో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. ఏం పని చేసేవారు అని అడిగింది. టీచరు అని కొట్టమ్మా అన్నాను. ఏ స్కూల్లో సార్ అంది. నేను ఆ వయసులో, వరసలో నిలబడ్డవాళ్లందరి ముందూ ఏడ్చేశాను. ఆ అమ్మాయి కంగారుపడి నీళ్లిచ్చి, కాసేపు చూసి, గృహిణి అని కొట్టేసింది. నేను దిద్దించలేదు.

మా సెంటరు ఉన్న మేడలో ఇప్పుడు రెడీమేడ్ బట్టల కొట్టు నడుస్తోంది. గోడౌన్లకు వెళ్లే ఆడవాళ్లు ఆటోలో కూర్చుని, ఎవరూ నేర్పకుండానే, సేవు చేస్తారు, డిలీటు చేస్తారు, మనవడికి ఫొటో పంపుతారు. వాళ్లను ఎవరూ బయటికి వెళ్లమనరు, మంచిదే. పడక గదిలో కూడా ఏసీ పెట్టుకుంటున్నాం. ఆ మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం ఇవాళ ఎవరికీ అక్కర్లేదు, నాకు మాత్రం అందులోని ప్రతి అర్థమూ ఆమె చెప్పిన వరసలోనే నోటికి వచ్చు. కానీ గొంతులు దాచుకునే ఫోన్లు మన చేతుల్లోకి రాకముందే ఆమె వెళ్లిపోయింది. ఈమధ్య ఎంత ప్రయత్నించినా ఆ గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తు రావడం లేదు.