మా ఆయన ఢిల్లీ పోటీ, కళ్లు తెరవని ఆంజనేయుడు

చచ్చినవాళ్లను తిట్టకూడదంటారు. బతికున్నప్పుడు తిడితే ఆయన వినలేదు, ఇప్పుడు ఊరకుంటే నాకు నిద్ర పట్టదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతాను, రాసేవాళ్లు రాస్తారు. మెత్తగా మార్చవద్దని ముందే చెప్పాను.

మా ఆయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. మంచి చెయ్యి, ఆ మాట కాదనను. రోడ్డు పక్కన మా కొట్టం, దాని వెనకే వంటిల్లు. కొట్టంలో ఉలి చప్పుడు వినిపిస్తేనే పొయ్యి వెలిగేది. ఆ చప్పుడు ఆగకుండా చూసుకోవడమే నా గొడవ. ఆయన గొడవ దేశం.

ఇదంతా ఒక రాయి దగ్గర మొదలైంది. కొండ నుంచి బండి మీద రాయి తెస్తుంటే అధికారి ఒకడు ఆపి, చలానా లేదని రోడ్డు మీదే దింపించాడు. వానలో రాయి, పక్కన మా ఆయన, చీకటి పడేదాకా అక్కడే. ఆ కోపం న్యాయమైనదే. కోపంతో నేరుగా ఇంటికి వచ్చి ఉంటే సరిపోయేది. నంద్యాలలో ఒక వకీలు దగ్గరికి పోయాడు. ఆ వకీలు ఇంగ్లీషు పుస్తకాలు చదివి తెలుగులో చెప్పేవాడు. పర్మిట్లు వద్దు, వడ్ల లెవీ వద్దు, లైసెన్సులు వద్దు, ఎవరి కష్టం వాళ్లది, ఎవరి ఇష్టం వాళ్లది. తను మాత్రం ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు. నిలబడే పిచ్చివాడు బస్సెక్కి తన గడపకే వస్తుంటే ఆయనకేం ఖర్మ?

అక్కడ విన్నది ఇంటికొచ్చి నాకు చెప్పేవాడు.

"సర్కారు కాపలాకుక్క మాదిరి మే. వాకిట్లో ఉండల్ల, వంటింట్లోకి రాకూడదు."

"మన వంటింట్లో ఏముందని వస్తాదయ్యా, కుక్కయినా?"

మొదటిసారి అసెంబ్లీకి నిలబడితే ఒంటె గుర్తు ఇచ్చారు. ఎవరైనా గోడ మీద సున్నంతో రాసుకుంటారు. ఈయన శిల్పి కదా, నల్లరాతిలో చెక్కాడు. దాన్ని ఎద్దులబండి మీద పెట్టుకుని పల్లెలన్నీ తిరిగాడు. మా వైపు ఒంటెను చూసినవాళ్లు ఎవరు?

"ఏందప్పా ఇది, గూని గాడిదా?" అని నవ్వినారట.

ఒంటె తన సొంతమైందనుకున్నాడు, పిచ్చి మనిషి. మరుసటి ఎన్నికలకు పోతే అధికారి గొడుగు గుర్తు చేతిలో పెట్టాడు. పార్టీ లేనివాళ్లకు గుర్తు నిలవదట. ఆ ఒంటెను మా మరిది చేత రోలుగా కొట్టించాను. ఒంటె మీద రుబ్బినా పచ్చడి పచ్చడే.

మా సీమలో ఎదురు నిలబడినవాడిని ఊరికే వదలరు. ఈయన్ను వదిలేశారు. రెండు వర్గాల పెద్దలూ ఎదురుపడితే పిలిచి టీ ఇప్పించేవాళ్లు. ఆయన దాన్ని మర్యాద అనుకున్నాడు. భయపడదగిన మనిషి కాదని వాళ్లు తేల్చుకున్నారని నాకు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అసెంబ్లీలో ఓడి పార్లమెంటుకు, పార్లమెంటులో ఓడి రాష్ట్రపతికి. ఊరు వద్దంటే జిల్లా, జిల్లా వద్దంటే దేశం. రాష్ట్రపతికి నామినేషన్ వేయాలంటే ఎమ్మెల్యేలు, ఎంపీలు సంతకాలు పెట్టాలి. మొదటిసారి హైదరాబాదులో వాళ్ల గడపలన్నీ తిరిగి, కాళ్లు వాచి, ఖాళీ కాగితంతో వచ్చాడు. ఇక బుద్ధి వచ్చిందనుకున్నాను.

మళ్లీ రాష్ట్రపతి ఎన్నిక వచ్చేనాటికి కొట్టంలో ఒక ఆంజనేయుడు సిద్ధమవుతున్నాడు. బనగానపల్లె దగ్గరి ఊరివాళ్లది. మా పనిలో విగ్రహానికి కళ్లు ఆఖరున చెక్కుతారు, దాన్నే కళ్లు తెరవడం అంటారు. రాతికి పూజ చేసి, నియమం పట్టి ఎవరు మొదలుపెట్టారో వాళ్లే తెరవాలి. ఇంకొకరి ఉలి అక్కడ తగలకూడదు. కళ్లు తప్ప అంతా అయింది. ముహూర్తం దగ్గర పడింది. ఈయన సంచి సర్దుకున్నాడు.

"యాడికి పోతాండావయ్యా? దేవుణ్ణి ఇట్ల నిలబెట్టి?"

"ఢిల్లీలో నామినేషన్ వేసి వచ్చి తెరుస్తా మే. ముహూర్తానికి ముందే వస్తా."

రాలేదు. ఊరివాళ్లు మామిడాకులు కట్టిన ట్రాక్టరుతో, తప్పెట్లతో వచ్చి కొట్టం ముందు కూర్చున్నారు. మజ్జిగ ఇచ్చాను. నువ్వన్నా కళ్లు తెరవమని మా మరిది కాళ్లు పట్టుకునేంత పని చేశాను.

"వద్దు వదినా. అన్న నియమం పట్టిన రాయి. నేను ఉలి పెడితే నా చెయ్యి పడిపోతాది."

పొద్దు వాలింది. తప్పెట్లు ఎప్పుడో ఆగిపోయాయి. వాళ్లలో ఒకడు, "దేవునికే కండ్లు తెరవనోడు దేశాన్ని ఏలుతాడంట" అన్నాడు. పెద్దమనిషి వాణ్ణి కసిరి నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఇంకో ముహూర్తం పెట్టించుకుంటాం. మీ ఆయన వచ్చి మా ఊర్లో, అందరి ముందర, తప్పయిందని ఒక్క మాట అని కండ్లు తెరవల్ల. అంతే."

అంతకన్నా మంచి మాట ఎవరంటారు? ఆయన ఢిల్లీ నుంచి వచ్చాడు. కాగితం చెల్లదన్నారట. అయినా ముఖం వెలిగిపోతోంది. పేపరు మనిషి ఎవడో పేరడిగాడట. నేను జరిగిందంతా చెప్పాను.

"కండ్లు తెరుస్తా. తప్పయిందని మాత్రం అనను. నేనెవరికీ బానిసను కాను. అది నా స్వేచ్ఛ."

"నీ స్వేచ్ఛ నువ్వే తిను. నాకు సంగటికి పిండి తే."

అనలేదు, పోలేదు. ఆ ఊరివాళ్లు మా ఎదురుగా ఉన్న ఇంకో శిల్పి కొట్టంలో కొత్త ఆంజనేయుణ్ణి చేయమని చెప్పుకున్నారు. పాతవాడు మా దగ్గరే ఉండిపోయాడు. అమ్మడానికి లేదు, పగలగొట్టడానికి చేతులు రావు. విగ్రహం చేయమని చెప్పడానికి వచ్చినవాళ్లు ఆ కళ్లులేని ముఖం చూసి, ఎందుకని అడిగి, చెప్పులు వేసుకుని ఎదురు కొట్టానికి పోయేవాళ్లు. ఒకరు పోయారు, ఇంకొకరు పోయారు, చివరికి మా వైపు చూడటమే మానేశారు. ఉలి చప్పుడు ఆగిపోయింది. నేను ఎదురు కొట్టంలోనే రాళ్లు నున్నగా రుద్దే కూలికి చేరాను.

మళ్లీ అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. ఈయన మళ్లీ నిలబడ్డాడు. ఓట్లడగడానికి ఆ కొట్టానికే వచ్చాడు. "మీ కష్టానికి మీరే యజమానులు" అని మొదలుపెట్టాడు. పనివాళ్లు తలలు ఎత్తలేదు. అప్పుడు నన్ను చూశాడు.

"మే, నువ్వన్నా చెప్పు వీళ్లకు."

"పని టైములో మాట్లాడితే కూలి కోస్తారు. పో."

పోయాడు. ఓటు రోజు చీర మార్చుకుని పోయి, గొడుగో గొబ్బెమ్మో ఆయన గుర్తు ఏదని కూడా వెతకలేదు. కంటికి ముందు కనిపించిన పెద్ద పార్టీ గుర్తు మీద గట్టిగా గుద్ది వచ్చాను.

లెక్క తెలుసుకోవడానికి నంద్యాల పోయి, దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చాడు. పళ్లెం ముందు కూర్చున్నాడు.

"పోయినసారి కంటే తగ్గినాయి మే."

సంగటి ముద్ద పళ్లెంలో వేశాను.

"తగ్గినవాట్లో నాదొకటి. తిను."